నేలకు చెవి పెట్టిన పిల్ల

ఆస్పత్రి పనిలో కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడ్డానికి వస్తారు. కాఫీ తాగి, నా మోకాళ్ళ నొప్పుల గోల ఓపిగ్గా విని, వెళ్ళేముందు ఏదో ఒక ప్రశ్న అడుగుతారు. ఆ మధ్య ఒకమ్మాయి, "రోగి మేలు కోసం అబద్ధం చెప్పొచ్చా అక్కా?" అని అడిగింది. చెప్పకూడదని పుస్తకంలో ఉంటుంది, పరీక్షలో అదే రాయి తల్లీ, మార్కులు పోగొట్టుకోకు అన్నాను. నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం ఆ రోజంతా మనసు కుదురుగా లేదు. ఆ అమ్మాయికి చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్నాను. చదివి మీరే తేల్చుకోండి. నా వల్ల కాలేదు.

నేను కోలారు బంగారు గనుల్లో, గని ఆస్పత్రిలో నర్సుగా చేశాను. గనులు సర్కారు చేతికి వచ్చి చాన్నాళ్ళైన తర్వాత చేరాను. కొన్నాళ్ళు వార్డులో ఉంచి, నా నోరు వార్డుకు మరీ ఎక్కువనిపించిందో ఏమో, లైన్ల మీదికి పంపారు. లైన్లంటే గని కార్మికుల ఇళ్ళ వరసలు. ఒక గది, ముందు చిన్న వసారా, దానికి వెదురు తట్టి, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. పసిబిడ్డలను తూచడం, సూదులు వేయడం, దగ్గుతున్న మగవాళ్ళను తిట్టి ఆస్పత్రికి తోలడం నా పని. మాది చిత్తూరు వైపు పల్లె కాబట్టి తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న లైన్లు నాకు అప్పజెప్పారు. అక్కడి తెలుగులో సగం తమిళం, పావు కన్నడం. మా అమ్మ వింటే ముక్కున వేలేసుకునేది. ఏడాది తిరిగేసరికి నేనూ అట్లాగే మాట్లాడసాగాను.

ఆ ఊళ్ళో నేల అదరడం వింత కాదు. చాలా లోతున, తవ్వేసిన చోట, రాయి మీది బరువు మోయలేక ఒక్కసారిగా పగులుతుంది. దాన్ని అక్కడ బరస్టు అంటారు. పైన ఇళ్ళలో గిన్నెలు గలగలమంటాయి, గోడ సున్నం రాలుతుంది. చిన్నదైతే ఎవరూ పట్టించుకోరు. పెద్దదైతే ఆడవాళ్ళంతా వాకిళ్ళలోకి వచ్చి, గనిలోకి దిగే నిలువు బావి, షాఫ్టు వైపు తిరిగి నిలబడతారు. షాఫ్టు మీద ఇనుప గోపురం, దాని నెత్తిన పెద్ద చక్రం. మనుషులను దించే కేజ్ ఆ చక్రం మీది తాడుతోనే కదులుతుంది. చక్రం ఎప్పటిలా బిరబిరా తిరుగుతుంటే అందరూ మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతారు. అది ఆగి, తర్వాత నిదానంగా తిరిగిందంటే దెబ్బతిన్నవాళ్ళను కుదుపు లేకుండా పైకి తెస్తున్నారని అర్థం. ఇంకెవరూ వచ్చి చెప్పనక్కర్లేదు.

ఒక పొద్దున ఒక ఇంట్లో చంటిబిడ్డను తూస్తున్నాను. బిడ్డ తల్లి పక్కనే మిరపకాయలు దంచుతోంది. రోకలి మొనకు గోనెపట్ట చుట్టి, పురికొసతో కట్టి దంచుతోంది. ఇదేం వంటమ్మా, మిరప్పొడిలో గోనె పీచు కూడా వేస్తారా మీ ఇంట్లో అన్నాను.

"సద్దు కాకూడదు సిస్టరమ్మా. ఎదురింటి పాప వింటా ఉండాది," అంది, గొంతు తగ్గించి.

"ఏం వింటుంది?"

"కింద," అని వేలితో నేల చూపించింది.

లైను పొడుగునా ఇంటింటికీ రోకళ్ళకు గోనెపట్టలు కట్టి ఉన్నాయని నేను అప్పుడే గమనించాను. ఎదురింట్లోకి వెళ్ళాను. పదహారేళ్ళ పిల్ల నేల మీద పక్కకు ఒరిగి, ఒక చెవి బండకు ఆనించి పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. జుట్టు జడలు కట్టింది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. నేను పలకరించబోతే చెయ్యెత్తి ఆగమంది. మూలన కూర్చున్న తల్లి లేచి వచ్చింది.

"పలకరించొద్దు సిస్టరమ్మా. వాళ్ళ నాయన లోపల ఉండాడు. షిఫ్టు అయ్యేదాకా లేయదు."

"ఎన్నాళ్ళనుంచీ?"

"శానా నాళ్ళాయ. ఇస్కూలు కూడా ఇడిసేసింది."

ఆ తల్లి ముఖంలో దిగులు లేదు. చెబితే నమ్మరు, కొంచెం గర్వం ఉంది. నేను వసారాలో కూర్చుని, షిఫ్టు అయిందని సంగు, అదే సైరను, ఊదేదాకా ఆగాను. సంగు విన్నాక పిల్ల లేచి కూర్చుంది. నేలకు ఆనించిన చెవి చుట్టూ చర్మం నల్లబడి గట్టిపడిపోయింది. ఎవరు కొడుతున్నారమ్మా కింద అని అడిగాను. దాచకుండా చెప్పింది.

"పైకి రానోళ్ళు ఉండారు కదా సిస్టరమ్మా, రాతి ఎనకాల మిగిలిపోయినోళ్ళు. వాళ్ళు కొడతా ఉండారు. నాయన ఉండే తావుకే వస్తా ఉండారు. నేను వింటా ఉంటే నిలిచిపోతారు. నేను ఏమారితే వచ్చేస్తారు."

ఇంతలో తండ్రి వచ్చాడు. తలుపులో నిలబడి తల వంచాడు. పిల్ల వెళ్ళి అతని తల వాసన చూసింది, రెండు చేతులూ పట్టుకుని చూసింది, అప్పుడు లోపలికి వదిలింది. అతను ఏదో గుడిలో తీర్థం తీసుకున్నంత సహజంగా నిలబడ్డాడు. ఆ కుటుంబానికి అది రోజువారీ అలవాటైపోయింది.

ఇంకో ఊళ్ళో అయితే ఆ పిల్లకు దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టేవాళ్ళు, లేదా పిచ్చిదని గదిలో పెట్టేవాళ్ళు. ఇక్కడ అట్లా కాలేదు. ఈ పిల్ల మొదట్లో ఒకసారి, ఇవాళ వద్దు నాయనా అని ఏడిస్తే తండ్రి పనికి పోలేదట. ఆ రోజే బరస్టు వచ్చిందట. బరస్టులు ఆ ఊళ్ళో వస్తూనే ఉంటాయి, ఈ పిల్ల వద్దని రోజూ ఏడుస్తూనే ఉంది. కానీ ఏడ్చినా ఏమీ కాని రోజులు ఎవరికి గుర్తుంటాయి? అప్పట్నుంచి లైనంతా ఆమెను నమ్మింది. ఎదురింటి మిరపకాయలామె మొగుడు, మంచి కండపుష్టి ఉన్న మనిషి, షిఫ్టుకు పోయేముందు తలుపు దగ్గర నిలబడి, "పోవచ్చునా పాపా?" అని అడిగి మరీ పోయేవాడు. ఆమె తల ఊపకపోతే ఇంటికి తిరిగొచ్చి ముసుగుతన్ని పడుకునేవాడు. ఆ పిల్ల రోగం ఆ లైనుకు కాపలా అయింది. కాపలాదారుకు జబ్బు చేసిందని ఎవరు ఒప్పుకుంటారు?

మా డాక్టరు రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దాయన. సగం మాటలు మింగేసేవాడు. నేను చెప్పిందంతా విని, "బెంగుళూరు తీసుకుపోవాలి. త్వరగా," అన్నాడు. ఆయన త్వరగా అన్నాడంటే నిజంగానే తొందర ఉందని నాకు తెలుసు.

తల్లి ససేమిరా అంది. నేను వదల్లేదు. కొన్నాళ్ళు గనికి దూరంగా ఉంచి చూడమన్నాను. క్యాసంబళ్ళిలో ఆమె అన్నగారింటికి పంపారు. రాగిచేలు, మామిడితోపు, రెండు పాడి ఆవులు ఉన్న ఇల్లు. వారం తిరక్కుండానే తిరిగొచ్చేశారు. అక్కడ కూడా ఆవుల కొట్టంలో నేలకు చెవి పెట్టి పడుకుందట. నా చేతికి ఆయుధం దొరికినట్టయింది. క్యాసంబళ్ళి కింద గని ఎక్కడుందమ్మా, అక్కడెవరు కొడతారు అని నిలదీశాను.

"సొరంగాలు యాడిదాకా పోయినాయో ఎవురికి తెలుసు సిస్టరమ్మా?" అంది ఆ తల్లి.

గనిలో పుట్టి పెరిగినవాళ్ళతో గని గురించి వాదించి గెలిచిన నర్సు ఎవరూ లేరు.

గెలిపించింది ఆ పిల్లే పాపం. ఒక ఉదయం షిఫ్టుకు మనుషులు దిగబోతుంటే, ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి షాఫ్టు గేటుకు అడ్డంగా పడుకుంది. దిగొద్దు, దిగొద్దు, వచ్చేసినారు అని అరుపు. జనం దిగలేదు. పై అధికారులు వచ్చారు, అరిచారు, కాపలావాళ్ళు ఆమెను రెక్కలు పట్టుకుని లాగారు. ఆ రోజంతా గని ప్రశాంతంగా ఉంది. గిన్నె కూడా కదల్లేదు. షిఫ్టు పోగొట్టుకున్న మగవాళ్ళు సాయంత్రం ఆ ఇంటి ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టారు. పొద్దున పోవచ్చునా పాపా అని అడిగే పెద్దమనిషే అందరికన్నా గట్టిగా పిచ్చిముండ అన్నాడట.

మరునాడు తండ్రి ఆస్పత్రి వరండాలో నా కోసం కూర్చుని ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని తిప్పుతున్నాడు.

"నిన్న లాగినారు కదమ్మా, చెయ్యి ఎట్ల వాచిపోయిందో. అయినా అది పొద్దన్నే లేసి, మళ్ళా నేల మీదే పడుకోనుండాది. దానికి నిద్ర లేదు. నాకోసరం నా బిడ్డ సచ్చిపోతా ఉండాది," అన్నాడు. "యాడికి తీసుకుపోవల్ల చెప్పు."

నేను సెలవు పెట్టి వాళ్ళతో వెళ్ళాను. మారికుప్పంలో రైలెక్కి, టేకల్, మాలూరు మీదుగా బెంగుళూరు. పిల్ల రైలు బల్లకు చెవి ఆనించి కూర్చుంది. అక్కడి పెద్ద మానసిక ఆస్పత్రిలో డాక్టరు కుర్రవాడే గానీ ఓపికమంతుడు. ఆమెతో కన్నడంలో చాలాసేపు మాట్లాడాడు. కొట్టేవాళ్ళు ఎవరూ లేరని ఒక్కసారి కూడా అనలేదు. వింటూ ఉంటే ఎంత అలసట కదా అన్నాడు. ఆ మాటకు ఆ పిల్ల కళ్ళవెంట నీళ్ళు కారడం నేను మొదటిసారి చూశాను. జబ్బు పేరేమిటని నేనడిగితే, పేరు పెట్టడానికి తొందరేం లేదు, ముందు ఆమెను నిద్రపోనిద్దాం అన్నాడు. మాత్రలు రాసిచ్చాడు. నోరెండుతుంది, చేతులు కొంచెం వణుకుతాయి, భయపడొద్దని చెప్పాడు. నెలనెలా తీసుకురమ్మన్నాడు.

చిక్కు తిరుగు రైల్లో వచ్చింది. పిల్ల మాత్ర నోట్లో వేసుకోనంది.

"ఇది మింగితే సద్దు వినపడదంట. అప్పుడు నిన్ను ఎవురు చూసుకునేది నాయనా?"

తల్లి నా వంక చూసింది. నేను డాక్టరు చెప్పినవన్నీ మళ్ళీ చెప్పాను. గోడకు చెప్పినా ఒకటే. టేకల్ దాటాక తండ్రి ఉన్నట్టుండి, "నేను లోపల పని ఇడిసేస్తాను," అన్నాడు. "పై పని అడుగుతాను. షాఫ్టు గేటుకాడ కావలి. ఇంగ కిందికి దిగను. నువ్వు మింగు."

"ఒట్టు?"

కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. పిల్ల మాత్ర మింగింది. నేను ఎంత సంతోషించానో చెప్పలేను. మారికుప్పంలో దిగాక, తల్లీకూతుళ్ళు ముందు నడుస్తుంటే, అతను నా పక్కకు వచ్చాడు.

"ఊపిరి చెడినోళ్ళకు, కాలో చెయ్యో పోయినోళ్ళకు కదమ్మా పై పని ఇచ్చేది. నా ఊపిరి బాగుండాది. నాకెవురిస్తారు?" అన్నాడు. అడగమన్నాను. అడిగాడు. మా డాక్టరు కూడా ఒక మాట వేశాడు. నియమం నియమమే. ఆరోగ్యంగా ఉండటమే అతనికి అడ్డొచ్చింది.

అప్పుడు మొదలైంది ఆ నాటకం. అతను ఇంటినుంచి తెల్ల చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. షాఫ్టు దగ్గర బట్టలు మార్చుకుని దిగేవాడు. పైకొచ్చాక అక్కడే ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, తలకు నూనె రాసి దువ్వి, మళ్ళీ తెల్ల చొక్కాతో ఇంటికొచ్చేవాడు. తల్లికి తెలుసు. లైనుకంతా తెలుసు. తిట్టిన నోళ్ళే ఇప్పుడు, "మీ నాయనకేమప్పా, గేటుకాడ దొరమాదిరి కుర్చీలో కూచోనుండాడు," అని ఆ పిల్ల వినేలా చెప్పుకునేవి. చిన్నపిల్లలకు కూడా నేర్పారు. అంతమంది కలిసి ఒక్క మాట మీద నిలబడటం నేను ఆ లైనులో సమ్మెలప్పుడు కూడా చూడలేదు.

నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒకరోజు ఏదో పని మీద షాఫ్టు వైపు వెళ్తే, కేజ్ కోసం నిలబడ్డ వరసలో అతను కనిపించాడు. తల మీద టోపీ, దానికి దీపం. నన్ను చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మా డాక్టరుకు చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "పిల్ల నిద్రపోతోందా?" అన్నాడు. పోతోందన్నాను. "నేనేమీ వినలేదు," అన్నాడు. నేనూ ఏమీ చూడలేదనుకున్నాను. దీనికి నేను లెంపలు వేసుకుంటానని ఎదురుచూడకండి. మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ అదే చేస్తానేమో.

ఎందుకంటే ఆ పిల్ల బాగుపడుతోంది. ముఖం నిండింది. తల దువ్వించుకుంటోంది. మాట కాస్త ముద్దగా వచ్చేది, చేతులు వణికేవి, ఎప్పుడూ నీళ్ళకుండ పక్కనే కూర్చునేది. సద్దు ఇంకా వినపడుతుందా అని అడిగితే, "వినపడతాది, కానీ పక్క వీధిలో మాదిరి," అనేది. ఒకరోజు నేను లైన్లోకి అడుగుపెట్టగానే రోకలి చప్పుడు, గోనెపట్ట లేని వట్టి రోకలి చప్పుడు, ధనధనా వినిపించింది. చూస్తే ఆ పిల్లే తమ వాకిట్లో మిరపకాయలు దంచుతోంది. ఘాటుకు తుమ్ముతూ నవ్వింది. ఎదురింటామె తన రోకలికి కట్టిన పట్ట విప్పేస్తోంది. నా ఉద్యోగంలో మెడల్ ఏదైనా ఉందంటే అదే.

ఆ తర్వాత ఆ రోజు వచ్చింది. పొద్దెక్కింది. నేను ఎదురింట్లోనే ఉన్నాను. నేల ముందు ఒకసారి కుంగినట్టై, తర్వాత అదిరింది. తక్కెడలో ఉన్న బిడ్డను పట్టుకుని గోడకు ఆనుకున్నాను. గూట్లోని గిన్నెలు, సీసాలు, దేవుడి పటం అన్నీ కిందపడ్డాయి. అరుపులు. ఆడవాళ్ళంతా వాకిళ్ళలోకి వచ్చి షాఫ్టు వైపు తిరిగారు. చక్రం ఆగిపోయి ఉంది. కాసేపటికి సంగు ఊదింది, షిఫ్టు సంగులా కాదు, ఆపకుండా.

ఆ పిల్ల వసారాలో చేటలో రాగులు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. షాఫ్టు వైపు వీపు పెట్టి కూర్చుంది. తల్లి తలుపు పట్టుకుని నిలబడి ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని. పరుగెత్తిపోవాలి, పోతే అబద్ధం బయటపడుతుంది.

"ఎందుకుమా ఏడుస్తావు? నాయన గేటుకాడ ఉండాడు కదా," అంది పిల్ల, తల ఎత్తకుండా. తర్వాత ఎదురింటామెను పిలిచి చెంబుతో నీళ్ళిచ్చింది. "తాగక్కా. అన్నకేం కాదు. నువ్వు పో. మాయమ్మ కూడా నీకు తోడు వస్తాది."

తల్లికి అదే చాలు. ఇద్దరూ కలిసి పరుగెత్తారు. లైను ఖాళీ అయింది. ఎదురింటి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని నేనూ, చేటతో ఆ పిల్లా మిగిలాం. ఏమీ తెలియని ఆ పిల్ల పక్కన కూర్చోవడం కన్నా షాఫ్టు దగ్గర శవాల మధ్య నిలబడటం నయమనిపించింది. చెప్పాలా వద్దా, చెబితే ఏమౌతుంది, ఇన్నాళ్ళ మందు నీళ్ళపాలు అవుతుందా అని నా ఆలోచన నాది. ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. మాత్రలనుకున్నాను.

"చక్రం తిరుగుతా ఉండాదా సిస్టరమ్మా?" అంది కొంతసేపటికి.

"తిరుగుతోందమ్మా."

"బిరబిరానా, నిదానంగానా?"

నేను చక్రం వైపు చూశాను. నిదానంగా తిరుగుతోంది. ఒళ్ళో బిడ్డ గుడ్డ సర్దసాగాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఎదురింటాయన గురించే అడుగుతోందనుకున్నాను.

చాలాసేపటికి ఆ ఎదురింటాయనే లైన్లోకి నడిచి వచ్చాడు. జుట్టూ కనురెప్పలూ రాతిపొడితో తెల్లబడి ఉన్నాయి. నా ఒళ్ళో తన బిడ్డను చూసి ఆగాడు, తర్వాత ఆ పిల్లను చూసి ఇంకో అడుగు వేయలేకపోయాడు. "మీయమ్మ యాడుంది పాపా?" అన్నాడు. షాఫ్టుకాడికి పోయింది అంది. సరే అని వెనక్కి తిరిగాడు.

"నిలువన్నా," అంది. "చెప్పి పో. పోయింది కాలా, పానమా?"

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అతనికీ అంతే. నోరు తెరిచి నా వంక చూశాడు.

"కాలమ్మా," అన్నాడు. "కాలే. మాట్లాడతా ఉండాడు. నీ పేరే చెప్తా ఉండాడు."

ఆమె చేట పక్కన పెట్టింది. అంతసేపు ఏరినా పక్కన ఒక్క రాయి లేదు. అన్నీ రాగుల్లోనే ఉన్నాయి. లేవబోయి లేవలేక అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తండ్రి కాలు మోకాలి పైదాకా తీసేశారు. లైను రెండుగా చీలింది. కొందరు గనినే తిట్టారు. ఎక్కువమంది నన్ను తిట్టారు. మాత్రలిచ్చి పిల్ల చెవి మూసేసింది, లేకుంటే ముందే చెప్పేది, పోకుండా ఆపేది అన్నారు. తల్లి మాత్రలన్నీ పొయ్యిలో బూడిదలోకి విసిరేసింది. నేను వాళ్ళింటికి వెళ్తే గుమ్మం దగ్గరే ఆపి, "మా ఇంటికి కండ్లుండె. నువ్వొచ్చి పీకేస్తివి," అంది. ఆ పిల్ల బయటికి వచ్చి, తల్లిని పక్కకు జరిపి, నన్ను లోపలికి పిలిచింది. పొయ్యి ముందు కూర్చుని బూడిద కెలికి ఒక్కొక్క మాత్రే ఏరసాగింది. ఏరినవి పరికిణీకి తుడుచుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"మొదటి దినమే. తెల్ల చొక్కా ఏసుకోని, తల దువ్వుకోని వచ్చినాడు. నీళ్ళిస్తే నిలబడుకొనే చెంబుడూ తాగేసినాడు. ఇంగో చెంబు అడిగినాడు. లోపల కాక అట్లుంటాది సిస్టరమ్మా, దిగినోళ్ళంతా అట్లే తాగుతారు. గేటుకాడ కుర్చీలో కూచున్నోనికి అంత దప్పి యాడిది? నాకంటే మాత్రలకు నోరెండతాది. నాయన ఏ మాత్ర మింగినాడు?"

"మరి ఎందుకమ్మా చెప్పలేదు?"

"మనసులో దిగులు పెట్టుకోని దిగినోనికి చెయ్యి ఆడదంట. నాయనే చెప్తా ఉంటాడు. నేను నమ్మినానని అనుకుంటే నిమ్మళంగా దిగుతాడు కదా."

కాపలా మానిందనుకున్నాం మేమందరం. మానలేదు. చెవి నేలమీదినుంచి తీసి, నోరు మూసుకుని కాపలా కాసింది. తల్లి గోడకు చేరగిలబడి కొంగుతో ముఖం కప్పుకుంది.

"మాత్రలు మింగకుండా ఉండింటే నాకు ముందే వినపడేదా సిస్టరమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోపే తల అడ్డంగా ఊపింది. "వొద్దులే. నాకు తెలుసు. బరస్టుకు ముందు దినం కొట్టినారు. ఆ ముందు దినమూ కొట్టినారు. నిదానంగానే, కానీ కొట్టినారు. ఆ పొద్దు లేసినప్పటినుంచీ ఏమీ లేదు. సుమ్మనే ఉండాది. కొట్టిన దినం ఏమీ కాలేదు. కొట్టని దినం బరస్టు వచ్చింది." ఇంకో మాత్ర తుడుస్తూ, "అంతా ఊరికేనే విన్నాను," అంది.

బెంగుళూరు డాక్టరుకు ఈ మాట చెబితే, తన జబ్బును తాను గుర్తించడం చాలా పెద్ద మలుపు అన్నాడు. అది నిజమే కావచ్చు. నేను చూసింది మాత్రం అన్నీ పోగొట్టుకున్న మనిషిని. తిండీ నిద్రా చదువూ వదిలి, చెవి కాయలు కాసేలా తండ్రిని కాపాడుతున్నాననుకుంది ఆ పిల్ల. అదంతా ఎవరినీ ఎప్పుడూ కాపాడలేదని ఒక్క పొద్దులో తెలుసుకుంది. అటువంటి సత్యాన్ని పదహారేళ్ళ పిల్లకు చెప్పే ధైర్యం నాకెప్పుడూ ఉండేది కాదు. బూడిద అంటిన మాత్ర ఒకటి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగింది.

ఆ తర్వాత కూడా ఆమె జీవితం పూలబాట కాలేదు. చదువు మళ్ళీ మొదలు కాలేదు. రెండుసార్లు జబ్బు తిరగబెట్టి ఆస్పత్రిలో ఉంది. గనులు మూతపడ్డాక వాళ్ళు మాలూరు వైపు వెళ్ళిపోయారనీ, ఆమె అక్కడేదో ఫ్యాక్టరీలో పనిచేస్తోందనీ, మాత్రలు మానలేదనీ ఎదురింటామె చెప్పింది. ఆ లైనులో ఇప్పుడు సగం ఇళ్ళకు తలుపులు లేవు.

నేను వాళ్ళింటికి చివరిసారి వెళ్ళింది అంతకు చాలా ముందు, తండ్రికి కాలు పోయిన మరుసటి ఏడు. అప్పటికి అతనికి పై పని ఇచ్చారు. షాఫ్టు గేటు దగ్గర కావలి, కుర్చీ, అంతా అతను రైల్లో చెప్పినట్టే. మధ్యాహ్నం భోజనానికి చంకకర్రలు పోటేసుకుంటూ వచ్చాడు. తెల్ల చొక్కా, దువ్విన తల. నన్ను చూసి నవ్వి, అరుగు మీద కూర్చున్నాడు. కూతురు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, ఎదురుగా నిలబడింది. అతను రెండు గుక్కలు తాగి కింద పెట్టాడు.

ఆ పిల్ల వంగి చెంబులోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మిగిలిన నీళ్ళు తను తాగేసింది.